ఏసీ డబ్బాకి కుట్టిన ముసుగు

ఆ సందులో ఎండ సూర్యుడితో పాటు దిగిపోదు. సూర్యుడు తన డ్యూటీ ముగించుకుని వెళ్ళిపోతాడు కానీ గోడలు ఓవర్‌టైం చేస్తాయి. పగలంతా తాగిన వేడిని సాయంత్రం నుంచి తీరిగ్గా కక్కుతూ కూర్చుంటాయి. చీకటి పడ్డాక కూడా చెప్పుల్లేకుండా రోడ్డు మీద అడుగుపెడితే కాలు దానంతటదే పైకి లేస్తుంది. చెట్టు అన్నది ఎక్కడా లేదు. కరెంటు స్తంభం నీడలో కూడా ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడే రకం సందు అది.

అలాంటి చోట మిషనమ్మ అరుగొక్కటే కాస్త ఊపిరాడే జాగా. ఎందుకో ఎవరూ చెప్పలేరు. ఏ గోడకి తగిలి ఎటు మళ్ళుతుందో గానీ, ఊళ్ళో గాలి ఏమాత్రం ఉన్నా ఆ అరుగు మీద నుంచి ఒకసారి వెళ్ళి తీరాలి. దారినపోయేవాళ్ళు అక్కడికి రాగానే నడక నెమ్మది చేసేవాళ్ళు. సంచులు మోసుకొచ్చే ఆడవాళ్ళు "ఒక్క నిమిషం కూర్చుంటానమ్మా" అని కూర్చుని గంట మాట్లాడి వెళ్ళేవాళ్ళు. దేవుడు ఎండనీ గాలినీ ఎవరి పేరా రాసివ్వలేదంటారు, నిజమే. అయినా ఆ గాలి తన పేరనే రాసినట్టు మిషనమ్మ లోలోపల కాస్త గర్వపడేది.

అరుగు చివర ఆమె కుట్టుమిషను. బడిపిల్లల చొక్కాలు, పొడుగైన ప్యాంట్ల అంచులు, కిటికీ తెరలు, అన్నీ అక్కడే కుట్టేది. మిషను వెనక, గోడవారన, మడత మంచం. దాని మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆమె భర్త నిద్రపోయేవాడు. ఆయన రాత్రి సర్వీసు బస్సు డ్రైవరు. లోకం పడుకునే వేళ లేచి, లోకం లేచే వేళ పడుకునే మనిషి. ఇల్లు రేకుల కప్పుది, పగలు లోపల పడుకోవడమంటే మూతపెట్టిన గిన్నెలో పడుకోవడమే. కాబట్టి ఆ అరుగూ, ఆ గాలీ, ఆ మంచం, వాళ్ళ సంసారానికి ఆ మూడూ కలిస్తేనే అన్నం.

ఇల్లు ఒకప్పుడు ఒక్కటే. మామగారు పోయాక అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టుకున్నారు. అన్నగారి వాటాకి స్లాబు గది వచ్చింది. అది ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని పక్కగోడ సరిగ్గా మిషనమ్మ అరుగుకేసి చూస్తూ ఉంటుంది. తమ్ముడి వాటాకి రేకులూ, అరుగూ వచ్చాయి. "గాలి మనకొచ్చిందిలే" అని ఆయన అప్పట్లో నవ్వేశాడు.

ఆ స్లాబు గదిలో ఉండేది మిషనమ్మ తోడికోడలు. సందంతా ఆవిణ్ణి ముసుగుల అక్క అంటారు. ఆ ఇంట్లో ఫ్రిజ్జుకి కుచ్చులున్న ముసుగు, ఆ ఫ్రిజ్జు పిడికి వేరే ముసుగు, టీవీకి, మిక్సీకి, బట్టలుతికే మిషనుకి తలా ఒకటి. రిమోటుకి ప్లాస్టిక్ సంచి. సోఫాకి గలీబు, ఆ గలీబు మాయకుండా దాని మీద ఇంకో గలీబు. "ఆ ఇంట్లో ముసుగు లేనిది ఆవిడ నోరొక్కటే" అని సందులో నవ్వుకునేవాళ్ళు. అవన్నీ కుట్టింది మిషనమ్మే. పట్టుకెళ్ళి ఇస్తే, "కుట్టు కాస్త వంకరొచ్చిందే చిన్నదానా" అనకుండా ఒక్కటీ పుచ్చుకున్నది లేదు ఆవిడ.

ఆ ఏడు ఎండలు ముదరకముందే ముసుగుల అక్క ఇంటికి ఏసీ వచ్చింది.

బిగించడానికి వచ్చిన మెకానిక్కు సన్నగా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉన్నాడు. బయటి డబ్బాని తెచ్చి పక్కగోడకి, మిషనమ్మ కూర్చుంటే ముఖానికి ఎదురుగా వచ్చేట్టు, ఇనప చట్రం మీద కూర్చోబెట్టాడు. ఆమె మిషను ఆపి చూసింది.

"ఏం బాబూ, ఇది ఇటే ఎందుకు?"

"వెనక గోడకైతే దొంగలు ఊడదీసుకుపోతారని లోపలమ్మగారు భయపడుతున్నారమ్మా. ఒక మాట. దీని ముందు బట్టలవీ ఆరెయ్యకండి. దీనికి గాలాడాలి. ముక్కూ నోరూ మూసేస్తే మనిషి ఎంతసేపు బతుకుతాడు? ఇదీ అంతే."

"మరి ఇది మా ముక్కులోకి ఊదితే మేమెంతసేపు బతకాలి?"

అతను స్క్రూ బిగిస్తూ నవ్వాడు. "నేను బిగించేవాణ్ణమ్మా. ఎక్కడ బిగించాలో చెప్పేది లోపలివాళ్ళు."

ఆ మధ్యాహ్నమే తెలిసొచ్చింది. డబ్బా ఒకసారి దగ్గి, గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. ఒక పెద్ద జంతువు మొహం మీద మొహం పెట్టి ఊపిరి వదులుతున్నట్టు వేడిగాలి అరుగు మీదకొచ్చింది. మిషను చక్రం చేతికి చురుక్కుమంది. దారం పుటుక్కుపుటుక్కున తెగడం మొదలైంది, చెమట పట్టిన వేళ్ళకి సూదిబెజ్జం దొరక్కుండా పోయింది. మంచం మీద ఆయన ఒకసారి ఇటు, ఒకసారి అటు దొర్లి చివరికి లేచి కూర్చున్నాడు. బనీను పిండితే నీళ్ళు కారేట్టుంది.

"ఏమిటే ఇది, పొయ్యి ఎవరు వెలిగించారు?"

మంచం అరుగు చివరికి లాగారు, వేడి అక్కడికీ వచ్చింది. లోపలికి మార్చారు, రేకుల కింద ఆయన అరగంట కూడా ఉండలేకపోయాడు. తడి దుప్పటి అడ్డం కట్టారు, అది క్షణంలో ఆరిపోయి ఉక్క ఇంకా పెరిగింది. అంతకుముందు ఆ అరుగు దగ్గర నడక నెమ్మది చేసేవాళ్ళు ఇప్పుడు ఎదురువైపుకి దాటి గబగబా పోతున్నారు.

నాలుగు రోజులు చూసి మిషనమ్మ తోడికోడలి తలుపు తట్టింది. తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. ఆ ఖాళీలోంచి వచ్చిన చల్లదనం ఆమె ముంజేతికి తగిలింది. ప్రాణం లేచొచ్చినట్టయింది, మరుక్షణం ఒళ్ళు మండింది.

"అక్కా, ఆ డబ్బా కాస్త వెనక్కి మార్పించరూ. మీ మరిది కంటిమీద కునుకు లేదు. రాత్రంతా బస్సు నడపాలి కదా."

"అయ్యో, ఎండాకాలం కదే, అందరికీ వేడిగానే ఉంటుంది."

"ఎండ వేడి కాదక్కా, మీ డబ్బా వేడి."

"గాలికి కూడా గట్లు వెయ్యమంటావేమిటే? మా గోడకి మేము పెట్టుకున్నాం. అంత పడకపోతే నువ్వూ ఒకటి పెట్టించుకో." ఆవిడ నవ్వింది. "మాట్లాడితే మాట్లాడావు గానీ ఆ తలుపు వదులు తల్లీ, చల్లదనమంతా బయటికి పోతోంది."

బావగారు లోపలి నుంచే "ఆడవాళ్ళ మధ్యకి నేనెందుకు రావడం" అన్నాడు. ఆయన ఏ గొడవలోనైనా అదే మాట అంటాడు. పెళ్ళినాడు పురోహితుడు అడిగినా అదే అని ఉంటాడని మిషనమ్మ భర్త వేళాకోళం చేసేవాడు. ఆ రోజు మాత్రం భర్త వేళాకోళం చెయ్యలేదు.

పొమ్మనలేక పొగబెట్టడమంటే వింది గానీ, పొగ కూడా లేకుండా పెట్టొచ్చని మిషనమ్మకి అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత వారం తిరక్కముందే అది జరిగింది. తెల్లవారుజామున తిరుగు ప్రయాణంలో ఆయన కళ్ళు ఒక్క క్షణం మూతపడ్డాయి. ఒక్క క్షణమే. బస్సు రోడ్డు మధ్య దిమ్మెని రాసుకుంటూ పోయి ఆగింది. దేవుడి దయ, ఎవరి ప్రాణమూ పోలేదు. ముందు సీటులో కూర్చున్న ఒక ముసలావిడ ఇనప కడ్డీకి కొట్టుకుని పై పెదవి చీలింది. ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చేతులకేసి చూసుకుంటూ, "మా అమ్మ వయసే ఉంటుందే. రక్తం తుడుచుకుంటూ, ఏం కాలేదులే నాయనా అని నన్నే ఓదార్చింది" అన్నాడు. ఆ మాట పదే పదే అన్నాడు.

డిపోలో ఆయన్ని స్టీరింగు నుంచి తప్పించి రాత్రిపూట బస్సులు కడిగే పనిలో వేశారు. నెలాఖరుకి మళ్ళీ స్టీరింగు ఇస్తామన్నారు. "నీ సర్వీసు చూసి ఇస్తున్నాం. ఇంకొకసారి కునుకు పట్టిందా, ఇంటికే" అని కూడా అన్నారు.

కాబట్టి నెలాఖరులోగా ఆయనకి నిద్ర కావాలి. మిషనమ్మకి ఇక వేరే లెక్క ఏదీ లేదు.

ఆమె భక్తురాలు. పొద్దున్నే పటం ముందు నిలబడి దణ్ణం పెట్టుకోనిదే మిషను మీద చెయ్యి వేసేది కాదు. ఇంతకాలం అందరూ చల్లగా ఉండాలనే దణ్ణం పెట్టుకుంది. ఆ వారం మాత్రం ఆ మాట గొంతులోంచి రాలేదు. "వాళ్ళకీ తెలియాలి స్వామీ. ఒక్కసారి ఆ గది వాళ్ళకి నా అరుగులా కావాలి" అని వేడుకుంది. పటంలో దేవుడు ఎప్పటిలాగే చిరునవ్వుతో ఉన్నాడు. దేవుడు మాట్లాడకపోతే సరేనన్నట్టా, కాదన్నట్టా? పెద్దలు ఎన్నో చెప్పారు గానీ ఈ ఒక్క సంగతీ తేల్చి చెప్పలేదు.

అప్పుడు ముసుగుల అక్క తనంతట తానే అరుగెక్కి వచ్చింది. చేతిలో కొలత టేపు.

"ఏమే, ఒక ముసుగు కుట్టాలి."

"దేనికక్కా? ఇంకా ఏం మిగిలింది?"

"అదిగో." ఏసీ డబ్బాకేసి చూపించింది. "చూడు, ఎంత దుమ్ము కొట్టుకుపోయిందో. పావురాలు పైన ఆడుకుంటున్నాయి. నిన్న తుడవబోతే నా చెయ్యి చూడు ఎలా అయిందో. అంత ఖరీదైన వస్తువు, బయట దిగంబరంగా నిలబడితే చూడలేకపోతున్నానే."

మిషనమ్మ చేతిలోని చొక్కా ఒడిలోకి జారింది. ముక్కూ నోరూ మూసేస్తే మనిషి ఎంతసేపు బతుకుతాడు? మెకానిక్కు మాట చెవిలో ఇప్పుడే అన్నట్టు వినబడింది.

చెప్పొచ్చు. ఒక్క ముక్క చాలు. "వద్దక్కా, దానికి గాలాడాలట" అంటే అయిపోతుంది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ముసుగుల అక్క మంచం మీద కళ్ళు మూసుకుని అవస్థపడుతున్న మరిదికేసి చూసి, "ఇంకా పడుకునే ఉన్నాడా? బస్సులు కడగడానికి కూడా ఇంత నిద్ర కావాలా?" అంది.

నాలుక చివరికి వచ్చిన ముక్క వెనక్కి వెళ్ళిపోయింది.

"పైన మాత్రమేనా అక్కా, చుట్టూతానా?" అని అడిగింది మిషనమ్మ, పట్టుతేనెలా.

"చుట్టూతా. ఆ ముందు జల్లెడలోంచే కదా దుమ్మంతా పోయేది."

"బట్ట పల్చటిది వెయ్యనా?"

"పల్చటిదెందుకే? నాలుగు కాలాలపాటు ఉండాలి. గట్టిది వెయ్యి."

కొలతలు మిషనమ్మే తీసుకుంది. లారీ మీద కప్పే రకం మందపాటి టార్పాలిన్ గుడ్డ తెచ్చింది. దానికి లోపల అస్తరు వేసింది. పక్కలకి కత్తిరించేటప్పుడు, అలవాటున చెయ్యి తనంతట తానే రెండు చిన్న గాలికన్నాలు వదిలింది. టేబుల్ ఫ్యానుకి కుట్టినా, దేనికి కుట్టినా వదులుతుంది మరి. మిషను ఆపి ఆ కన్నాలకేసి చాలాసేపు చూసింది. తర్వాత రెండు ముక్కలు కత్తిరించి, వాటిని మూసి, చుట్టూ రెండు వరసలు కుట్టు వేసింది. తన జీవితంలో అంత తిన్నటి కుట్టు ఆమె ఎప్పుడూ వెయ్యలేదు. కింద బొందు దూర్చి, లాగి కడితే బిగుసుకునేట్టు చేసింది. అంచుకి తనే నీలం రంగు పట్టీ కూడా కుట్టింది. కుక్క కాటుకి చెప్పుదెబ్బ అంటారు గానీ, ఆ చెప్పుకి అంత అందంగా అంచు కుట్టినవాళ్ళు ఉండరు.

ముసుగుల అక్క చూసి మురిసిపోయింది. మొదటిసారి వంకర వెతకలేదు.

"ఎంత బాగా కుట్టావే! అచ్చుపోసినట్టుంది."

బొందు లాగి ముడి వేసింది మిషనమ్మే.

ఆ మధ్యాహ్నం అరుగు మీద వేడిగాలి ఆగిపోయింది. డబ్బా ముసుగులో గుర్రుగుర్రుమంది, తర్వాత మూలిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. సాయంత్రానికల్లా తిరగడం కంటే ఆగడమే ఎక్కువైంది. ఎక్కడి నుంచో చిన్న గాలి తిరిగొచ్చి మిషనమ్మ మెడ మీద వాలింది. మంచం మీద ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో ఆ గురకకి ఆమె ఏడ్చింది. ఇప్పుడు దాన్ని సంగీతం వింటున్నట్టు వింది.

గోడ అవతల నుంచి మాటలు వినబడుతున్నాయి.

"చల్లదనం రావడం లేదేమిటండీ?"

"రిమోటులో తగ్గించు."

"తగ్గించాను. ఇంకా తగ్గదట."

"కిటికీలకి ఆ అట్టలు సరిగ్గా అతికించావా? వేడి లోపలికొస్తోందేమో."

చల్లదనం జారిపోకుండా ఆవిడ కిటికీలన్నిటికీ అట్టలు పెట్టి, అంచులకి అంటుకాగితం వేయించింది. ఇప్పుడు వేడి జారిపోవడానికి కూడా దారి లేకుండా పోయింది. మిషనమ్మ వింటూ మిషను తొక్కింది. ఆ రెండు రోజులూ ఆమె పటం ముందు ఎక్కువసేపు నిలబడలేదు. దణ్ణం పెట్టి, కళ్ళు తెరవకుండానే పక్కకి తప్పుకునేది.

మూడోనాడు మిట్టమధ్యాహ్నం డబ్బాలోంచి టప్పుమని శబ్దం వచ్చింది. కాలిన రబ్బరు వాసన వేసింది. అంతటితో దాని కథ ముగిసింది.

ఆ సాయంత్రం బావగారు బనీనుతో బయటికొచ్చి, అరుగు మెట్టు మీద కూలబడి, అట్టముక్కతో విసురుకున్నాడు. మొహం ఉడికిన దుంపలా ఉంది. అటు ఇటు చూసి, "ఇక్కడ కాస్త గాలి వస్తోందే" అన్నాడు, అదేదో ఇప్పుడే ఎవరో తెచ్చి పెట్టినట్టు. మిషనమ్మ లోటాతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. లోపల కడుపు చల్లబడింది. ఇంత తియ్యగా ఉంటుందా పగ, అనుకుంది. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ బావగారు అక్కడే చాప వేసుకున్నాడు.

మూడో రోజుకి మెకానిక్కు వచ్చాడు. ముసుగు చూడగానే చెవి మీది పెన్సిలు తీసి నుదుటికేసి కొట్టుకున్నాడు.

"ఇదేమిటమ్మా! దీని గొంతు పిసికారెవరు?"

"దుమ్ము పడుతోందని ముసుగు వేయించాను" అంది ముసుగుల అక్క.

"దుమ్ముకి చావదమ్మా ఇది. ముసుగుకి చస్తుంది. కంప్రెసరు మాడిపోయింది. కొత్త డబ్బా పెట్టాల్సిందే. కుట్టినవాళ్ళకైనా తెలియదా?"

"దానికేం తెలుసులే పాపం" అంది ముసుగుల అక్క, ఓ నిట్టూర్పు విడిచి. "మా చిన్నది నేను చెప్పినట్టు కుట్టింది. దాన్నేమీ అనకు బాబూ."

మిషనమ్మ చెయ్యి చక్రం మీద ఆగింది.

ఇన్నేళ్ళలో ఆవిడ తన తరఫున మాట్లాడింది అదే మొదటిసారి. ఊరుకుంటే చాలు, ఏ మచ్చా లేకుండా బయటపడుతుంది. కానీ ఆ "పాపం" అన్న మాట ఎక్కడో గుచ్చుకుంది. ఎవరు చేశారో అవతలివాళ్ళకి తెలియకపోతే అది పగ ఎలా అవుతుంది? ఉప్పు లేని కూర. పైగా కొత్త డబ్బా మళ్ళీ ఆ గోడకే వస్తుంది. నెలాఖరు దగ్గర పడింది.

"తెలుసు" అంది.

"ఏమిటే?"

"తెలుసక్కా. బిగించిన రోజే ఈ బాబు నాతో చెప్పాడు. తెలిసే కుట్టాను. గాలికన్నాలు వదిలి, మళ్ళీ మూసేశాను. ఇటు తిప్పి చూడండి, కుట్టు కనబడుతుంది."

మెకానిక్కు ముసుగు తిరగేసి చూసి, ఏమీ ఎరగనట్టు తన పెట్టెలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

ముసుగుల అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత ఒక్కసారిగా వచ్చింది. "కడుపులో ఇంత విషం పెట్టుకుని, నీలం పట్టీ వేసి మరీ తెచ్చి ఇచ్చావటే! సొంత చెల్లెల్లా చూసుకున్నానే నిన్ను! రేపు నా అన్నంలో ఏం కలుపుతావో!"

"మీరు నా మొగుడి మొహం మీద నిప్పులు ఊదలేదా అక్కా? తలుపు వదులు, చల్లదనం పోతోందన్నారు. నా వాకిట్లో చల్లదనం ఎటు పోయిందో అడిగారా?"

"అది నా గోడ!"

"మీ గోడే. పెట్టించుకోండి. మళ్ళీ ఇటే పెట్టించుకోండి. నేను మళ్ళీ కుడతాను. ఈసారి మీరు అడక్కపోయినా కుడతాను."

సందులో ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మంచం మీద ఆయన లేచి కూర్చుని బిత్తరపోయి చూస్తున్నాడు. ఎవరు ఏమంటారో అనుకుంటున్నంతలో, మెట్టు మీద నుంచి బావగారి గొంతు వినబడింది.

"వెనక గోడకి బిగించెయ్యి బాబూ."

"దొంగలో!" అంది ముసుగుల అక్క.

"దొంగలు పట్టుకుపోతే పట్టుకుపోనీ. నాకీ గొడవలొద్దు." ఆయన లేచి బనీను దులుపుకున్నాడు. న్యాయం చేశాననుకున్నాడో, తలనొప్పి వదిలించుకున్నాననుకున్నాడో తెలియదు. మిషనమ్మకేసి మాత్రం చూడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ సూటిగా చూడలేదు.

ఆ రోజు కంచం ముందు కూర్చుని భర్త అన్నాడు, "ఎంత పని చేశావే. నీ పగ మంచిది కాదు."

"మీ నిద్ర మంచిదే కదా."

ఆయన అన్నం కలుపుకున్నాడు.

కొత్త డబ్బా వెనక గోడకి వెళ్ళింది. నెలాఖరుకి ఆయనకి స్టీరింగు తిరిగి ఇచ్చారు. ముసుగుల అక్క మాటలు మానేసింది, ముసుగులు వేరే దర్జీకి ఇస్తోందని తెలిసింది. పోతే పోనీ అనుకుంది మిషనమ్మ. అరుగు మీద గాలి ఆడుతోంది. ఆడవాళ్ళు మళ్ళీ వచ్చి కూర్చుంటున్నారు. మునుపటి కంటే కాస్త ఎడంగా కూర్చుంటున్నారని ఆమెకి అనిపించింది గానీ, అనిపించినవన్నీ నిజం కావు కదా అని సర్ది చెప్పుకుంది. పటం ముందు నిలబడినప్పుడు క్షమించమని అడగడానికి రోజూ నోరు తెరిచేది. చేసినదానికి పశ్చాత్తాపం లేనప్పుడు క్షమాపణ అడగడం దేవుణ్ణి మోసం చెయ్యడం కాదా? అందుకని అడిగేది కాదు. ఆయన నిద్ర చల్లగా ఉంచమని మాత్రం అడిగేది.

ఎండలు ముదిరి, రోడ్డు తారు చెప్పులకి అంటుకునే రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం ఒకావిడ సందు మొదట్లో ప్రత్యక్షమైంది. బలమైన మనిషి, నెరిసిన జుట్టు, నెత్తి మీద తడి తువ్వాలు. నేరుగా ముసుగుల అక్క తలుపు దగ్గరికెళ్ళి దబదబ బాదింది. లోపల ఏసీ చప్పుడు, మూసిన కిటికీలు. ఎవరూ పలకలేదు. ఆవిడ తిరిగి మిషనమ్మ అరుగుకేసి వచ్చింది.

"ఏమమ్మా, వెనక వీధి గోడకి ఆ డబ్బా పెట్టింది ఈ ఇంటివాళ్ళేనా?"

"అవును. మీరు?"

"ఆ గోడ కిందే మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. నువ్వు పుట్టని నాటి నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు. ఆ గోడ నీడ తప్ప ఆయనకి వేరే కొట్టు లేదు. ఇప్పుడు ఆ డబ్బా ఆయన నడినెత్తిన నిప్పులు కక్కుతోంది. చెమట చుక్క గడియారంలో పడితే ఇంకేముంది, తుప్పు. మూడు చెడిపోయాయి. బల్ల అవతల ఎండలోకి జరుపుకున్నాడు, నిన్న కళ్ళు తిరిగి పడ్డాడు. నోరు లేని మనిషి, ఎవరినీ ఏమీ అనడు. నేనలా కాదు. మొన్నటిదాకా ఆ డబ్బా అక్కడ లేదు. అక్కడ పెట్టించిన పుణ్యాత్ములు ఎవరో నాకు తెలియాలి."

వెనక గోడ అన్నప్పుడు మిషనమ్మకి గోడే గుర్తొచ్చింది, దాని కింద మనిషి ఉంటాడన్నది ఒక్కసారీ మనసులోకి రాలేదు. వేడి తన అరుగు మీద నుంచి పోయింది గానీ, ఎక్కడికి పోతుంది? పోవడానికి దానికి మాత్రం చోటెక్కడుంది?

తోడికోడలి తలుపుకేసి చూపించొచ్చు. అది అబద్ధం కూడా కాదు. ఆ తలుపుకేసి చెయ్యి లేచింది కూడా. సగంలో ఆగింది. ఎందుకాగిందో ఆమెకే తెలియదు. మంచితనం వల్ల కాదు. ఆ పని తాను చేశానని సందంతా వినేట్టు చెప్పుకుంది కదా, ఇప్పుడు వేరొకరికి ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదేమో.

"డబ్బా మా తోడికోడలిది. అక్కడ పెట్టించింది నేను."

"నువ్వా?"

"ఇక్కడ ఉండేది. ఆయనకి నిద్ర పట్టేది కాదు. రాత్రి బస్సు నడుపుతాడు. ఒకసారి కునుకు పట్టి..."

ఆవిడ మంచం మీద నిద్రపోతున్న మనిషికేసి చూసింది. ఆయన ఛాతీ నెమ్మదిగా లేచి పడుతోంది. అరుగు మీద గాలి ఆవిడ నెత్తి మీది తడి తువ్వాలు అంచుని కదిపింది. ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఎంతకాలానికో చల్లగాలి తగిలిన మొహం అది. మిషనమ్మకి ఆ మొహం బాగా తెలుసు.

"కాసేపు కూర్చోండమ్మా" అంది. "మీ ఆయన్ని కూడా ఇక్కడికే రమ్మనండి. బల్ల ఇక్కడ వేసుకోవచ్చు. జాగా ఉంది."

ఆవిడ కళ్ళు తెరిచింది. కూర్చోలేదు.

"నా మొగుడి నీడ తీసుకుని, నీ అరుగు మీద భిక్షం పెడతావా?"

అరవడానికే వచ్చిన మనిషి. గొంతు నిండా అరుపు ఉంది. కానీ మంచం కేసి మళ్ళీ చూసి, ఆ గొంతుని సగానికి దించేసుకుంది.

"రాత్రి బస్సన్నావు కాబట్టి నిద్ర లేపను. బస్సులో మనుషులుంటారు." ఒక్కొక్క మాటా సూది దించినట్టు దించింది. "కానీ నిన్ను మాత్రం గుర్తుపెట్టుకుంటాను."

తువ్వాలు సర్దుకుని ఎండలోకి దిగి, సందు మలుపు దాకా ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.